ఏడాదికి ఒక్క ఆటుపోటు

సముద్రపు ఒడ్డున నీళ్లు మామూలుగా రోజుకు రెండుసార్లు పొంగుతాయి, రెండుసార్లు తగ్గుతాయి. మన గండిపేట చెరువులోనూ నీళ్లు పొంగుతాయి, తగ్గుతాయి. కాకపోతే ఒక్క ఆటుపోటుకు ఏడాది పడుతుంది. అక్కడ ఆ పని ప్రధానంగా చంద్రుడిది, ఇక్కడ వానదీ ఎండదీ. వికారాబాద్ అవతల అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ, వానాకాలంలో ఎర్రనీళ్లు మోసుకొచ్చి గండిపేటను నింపుతుంది. దసరా దాటాక నీళ్లు మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెడతాయి. మే నెలకల్లా ఒడ్డు ఎంతో లోపలికి పోయి ఉంటుంది. ఇలా నీళ్లు తడిపి విడిచిపెట్టిన నేలను మనవాళ్లు శిఖం అంటారు. బిడ్డలూ, ఇవాళ నా కబుర్లన్నీ ఆ శిఖం గురించే.

చెరువు పుట్టుక ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌లో వేలాదిమందిని మింగేసింది. మళ్లీ అలాంటి గండం రాకూడదని నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ఇచ్చిన ఆలోచన ఫలితంగానే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఈసా వాగు మీద 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి.

శిఖం ఉత్త బురద కాదు. నీళ్లు తగ్గగానే అక్కడ గడ్డి మొలుస్తుంది, బర్రెలు మేస్తాయి, పేడ పడుతుంది. మళ్లీ వానలకు నీళ్లు ఎక్కితే ఆ గడ్డీ పేడా కుళ్లుతాయి. ఆ కుళ్లులో కంటికి కనిపించని జీవులు లక్షల్లో పుడతాయి. వాటిని తిని పురుగులు, ఆ రెండింటినీ తిని చేపపిల్లలు పెరుగుతాయి. లోతు నీళ్లలో అడుక్కి వెలుతురు దిగదు కాబట్టి అక్కడ మేత తక్కువ. మోకాలి లోతు నీళ్లలోనే చెరువుకు అసలైన వంట జరుగుతుంది.

చేపల్లోనూ తేడాలున్నాయి. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, దాని నోరు పైకి తిరిగి ఉంటుంది. రవ్వ నడిమి నీళ్లలో, మోసు అడుగున మేస్తాయి. ఈ మూడూ నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరదనీళ్లు కావాలి. అందుకే పూర్వం చేపవిత్తనం కోసం నదుల వరదల్లోకి దిగాల్సి వచ్చేది. 1957 జులై 10న శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలో చేపల పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్యరైతు దినంగా జరుపుతున్నారు. మన ఊరి చెరువుల్లో గంగపుత్రులు, ముదిరాజ్‌లు వదిలే చేపపిల్లల వెనుక ఆయన చేసిన ఆ పని ఉంది.

కొర్రమట్ట దారి వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అది, నాకు ప్రాణం కూడా. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కలిసే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల వేడిలో లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాములు పట్టేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది. పైగా రాత్రంతా నాచూ నీటిమొక్కలూ కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి. అందుకే ఎండాకాలం తెల్లవారుజామున మిగతా చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. కొర్రమట్టకు ఆ బాధ లేదు. దాని తలలో మొప్పల పైన చిన్న గాలిగది ఉంది. పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి కిందికి పోతుంది. పైకి రానివ్వకుండా ఆపితే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది! గాలానికి కప్పను గుచ్చి కూర్చునేవాళ్లు అది గాలి మింగే చోటునే కనిపెట్టుకుని ఉంటారు.

మిరుగం (మృగశిర కార్తె) నాడు హైదరాబాద్‌లో ఉబ్బసానికని మింగించే చేప కూడా ఈ కొర్రమట్ట పిల్లే. దానితో ఉబ్బసం తగ్గుతుందని వైద్యశాస్త్రం రుజువు చేయలేదు. ఎవరి నమ్మకం వారిది, కానీ డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ మాత్రం మానకండి నాయనా.

వానలు పడ్డాక శిఖం అంచున, గడ్డి మధ్యలో కొర్రమట్ట గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా ముద్దకట్టి పైన తిరుగుతుంటాయి, తల్లీతండ్రీ కిందనే కాపలా ఉంటాయి. అప్పుడు పెద్ద చేపను పట్టేస్తే ఆ పిల్లలు మిగతా చేపల పాలు. ఆ కొన్ని వారాలు దాన్ని వదిలేయాలని నా గట్టి మాట.

నీళ్లు వెనక్కి జరిగే కాలమూ దూరదేశాల పక్షులు వచ్చే కాలమూ ఒక్కటే. రోజూ కొంత కొత్త బురద బయటపడుతుంది. పొట్టికాళ్ల పిట్టలు తడి అంచున, పొడుగుకాళ్లవి నీళ్లలో, నీటికాకులు లోతులో మునిగి మేస్తాయి. నత్తగుల్ల కొంగను దగ్గరగా చూడండి. ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. ఆ సందులో నత్తను పెట్టి అడకత్తెరలో పోకచెక్కలా పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. అది కాదు. నత్త గుల్లకు ఒక మూత ఉంటుంది కదా, కింది ముక్కు కొనను ఆ మూత కిందికి దూర్చి, లోపల పట్టి ఉంచే కండను తెంచి, మాంసాన్ని లాగేస్తుంది. గుల్ల చాలాసార్లు పగలనే పగలదు. కొంగ పిల్లలకు ముక్కులో ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది.

మన హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో అప్పుడప్పుడు కనిపించే రాజహంసలు కూడా ఈ లోతులేని నీళ్ల కోసమే వస్తాయి. తలను తలకిందులుగా పెట్టి బురదనీళ్లను ముక్కుతో వడగట్టి తింటాయి. పులికాట్‌లో వేలల్లో దిగేవీ ఇవే. మన దేశంలో వాటి పెద్ద పుట్టినిల్లు కచ్ రణ్‌లోని ఉప్పునేల. కచ్ ఉప్పునేలకూ దక్కను చెరువుకూ అలా చుట్టరికం కలిసింది.

ఈ శిఖానికి నీళ్లు పైనున్న ఊళ్ల వాగుల నుంచి రావాలి. అందుకే 1996లో 111 నంబరు జీవో జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. దాని మీద వాదాలు చాలా నడిచాయి. నా మట్టుకు నాకు ఒక్కటే దిగులు. మట్టి పోసి ఎత్తు చేసిన శిఖంలోకి నీళ్లు ఎక్కవు. నీళ్లు ఎక్కని నేలలో కొర్రమట్ట గూడు కట్టదు, నత్తా ఉండదు, కొంగా దిగదు.

ఎండాకాలం అటు పోతే ఇంకొకటి గుర్తుంచుకోండి. తీతువు పిట్ట గూడు అల్లదు. గులకరాళ్ల నేల మీదే మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చల గుడ్లు, రాళ్లలో కలిసిపోతాయి. మండే ఎండలో తల్లి నీళ్ల దగ్గరకు పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. నీళ్లు పక్కనే ఉన్న ఒడ్డు దానికి అందుకే కావాలి. తీతువు అరిస్తే అశుభమని భయపడతారు కానీ, అది అరిచేది మీరు గుడ్ల దగ్గరికి వచ్చారని. ఆ అరుపు వినగానే ఆగండి. కాళ్ల కింద చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి నడవండి. వెంట కుక్క ఉంటే గొలుసు వదలకండి.