వెర్మూత్: పేరు, పుట్టుక

మాదాపూర్, గచ్చిబౌలి హోటళ్లలో బార్ విభాగంలో శిక్షణకు చేరే విద్యార్థులు వెర్మూత్ సీసాను విస్కీ, రమ్ముల వరుసలో చూస్తారు. అందువల్ల అదీ ఆ కోవలోదేనని పొరబడతారు. వెర్మూత్ ప్రధానంగా వైన్. దానికి మూలికల సారాన్ని, కొంత స్పిరిట్‌ను చేర్చుతారు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఇందులో కనీసం 75 శాతం ద్రాక్ష వైన్ ఉత్పత్తులు ఉండాలి, ఆల్కహాల్ 14.5 శాతానికి తగ్గకుండా, 22 శాతం లోపు ఉండాలి. ఆర్టెమీసియా ప్రజాతి మొక్క రుచి తప్పనిసరి.

పేరు కూడా ఆ మొక్క నుంచే వచ్చింది. చాలా చేదుగా ఉండే వర్మ్‌వుడ్ మొక్కను జర్మన్ భాషలో 'వెర్మూట్' అంటారు. అదే ఫ్రెంచివారి నోట 'వెర్మూత్' అయింది. ఈ మొక్క మన ప్రాంతంలో పరిచితం కాకపోయినా దాని బంధువులు మనకు తెలిసినవే. పూలదండల్లో కట్టే దవనం, వినాయక చవితి నాటి 21 పత్రాల్లో మొదటిదైన మాచిపత్రి ఆ ప్రజాతివే. దవనం రెమ్మ నలిపి వాసన చూడండి. పాఠం సగం అర్థమవుతుంది.

మూలికలను వైన్‌లో నానబెట్టి మందుగా తాగడం ప్రాచీన గ్రీకుల కాలం నాటికే ఉంది. మన ద్రాక్షాసవం కూడా ఇటువంటి ఆలోచనే. అయితే అందులోని ఆల్కహాల్ పులియడం వల్ల పుడుతుంది, బయటి నుంచి చేర్చరు. మందు స్థాయి నుంచి వెర్మూత్‌ను భోజనానికి ముందు తాగే పానీయంగా మార్చిన ఘనతను 1786లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో తియ్యని రకాన్ని అమ్మిన ఆంటోనియో బెనెడెట్టో కార్పానోకు ఇస్తారు. ఫ్రాన్స్‌లో జోసెఫ్ నోయీ 1813లో తీపి తక్కువైన 'డ్రై' రకాన్ని రూపొందించాడు. అందుకే పాత బార్ పరిభాషలో 'ఇటాలియన్' అంటే తీపి, 'ఫ్రెంచ్' అంటే డ్రై. 'జిన్ అండ్ ఇట్'లోని 'ఇట్' ఇటాలియనే! మన్‌హాటన్‌కు తీపి రకం, డ్రై మార్టినీకి డ్రై రకం వాడతారు.

ఇక ఆచరణలో అసలు చిక్కు. విస్కీ సీసా తెరిచినా నెలల తరబడి నిలుస్తుంది. వెర్మూత్ నిలవదు. గాలి తగిలిన వైన్ క్రమంగా రుచి కోల్పోతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో బయటి అలమరలో ఉంటే మరింత త్వరగా. మార్టినీ బాగాలేదని అతిథి తిప్పిపంపితే మాట పడేది కలిపినవారే, తప్పు మాత్రం సీసాది కావచ్చు. తెరిచిన తేదీని సీసాపై రాసి, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచండి. నెల, రెండు నెలల్లో వాడేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ద్రాక్షాసవానికీ వెర్మూత్‌కూ ఆల్కహాల్ వచ్చే విధానంలో తేడా ఏమిటి?