సీమయింటి వ్రాత: బ్లాగు

కడపజిల్లా యెఱ్ఱగుంట్లకు సమీపమున కలమళ్ళ యను గ్రామము కలదు. అచ్చటి దేవాలయ ప్రాంగణమున రేనాటిచోళుడగు ధనంజయుని కాలపు శిలాశాసన మొకటి యున్నది. అది సా.శ. 575 ప్రాంతముదనియు, పూర్తిగా తెలుగున వ్రాయబడిన శాసనములలో మొట్టమొదటిదనియు పరిశోధకులు తలంచుచున్నారు. నాడు రాజుమాట పదిమందికి తెలియవలెనన్న ఱాతిపై చెక్కించి జనులు వచ్చిపోవుచోట నిలుపవలసి యుండెను. ఆ సీమలోనే, తాళ్ళపాకయందు, అన్నమాచార్యుల యిల్లాలు తిమ్మక్క సుభద్రాకల్యాణమును ద్విపదలో రచించెను. అది యచ్చుపడి చదువరులను చేరుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చెను. 1902లో హిందూసుందరియు, 1928లో డాక్టరు కె. ఎన్. కేసరిగారి గృహలక్ష్మియు వెలువడిన పిమ్మట స్త్రీలు ఇంటనుండి వ్రాసి తపాలాలో పంపజొచ్చిరి. ఆ వ్రాత యచ్చగుటయు కాకుండుటయు సంపాదకుని చేతిలోని పని.

నేడు కర్నూలులోగాని కడపలోగాని యున్న గృహిణికి ఱాయి యక్కఱలేదు. సంపాదకుని యనుమతియు నక్కఱలేదు. బ్లాగనగా అంతర్జాలమున మనకై మనము తెఱచుకొను పత్రిక. వ్రాయువారు, దిద్దువారు, పంచువారు అన్నియు మనమే. 1999లో పుట్టిన బ్లాగరునందును, తరువాత వచ్చిన వర్డుప్రెస్సునందును రుసుము లేకయే దీనిని ప్రారంభింపవచ్చును. కంప్యూటరు లేకున్నను చేతిలోని ఫోను చాలును.

వయస్సు మీఱినదని వెనుదీయు సోదరీమణులకు ఒక్క యుదాహరణము. తిరుపతి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున పనిచేసి, 1973లో అమెరికాకు వెడలిన కథారచయిత్రి శ్రీమతి నిడదవోలు మాలతిగారు, అరువదియేండ్లు దాటిన పిమ్మట 2001లో తూలిక యను అంతర్జాలపత్రికను నెలకొల్పి, తెలుగుకథల యాంగ్లానువాదములను లోకమునకు చూపిరి. పిమ్మట తెలుగు తూలిక యను బ్లాగునందు తెలుగుననే వ్రాసిరి. ఆ పనికి వారికి కావలసివచ్చినది ఇల్లును, ఓపికయును.

ఇక ఏమి వ్రాయవలెను? ఈ ప్రశ్నకు మన సీమయందు కొఱత యుండునని మేము తలంపము. మనలను గూర్చి యితరులు వ్రాసినది కరవు. సినిమాలవారు తీసినది కక్షలు. 1999లో సమరసింహారెడ్డి వచ్చినది మొదలు, సీమయనగానే బాంబులును సుమోబండ్లును తెఱపై కనబడుచున్నవి. హైదరాబాదున చదువబోయిన కడప బాలిక తన యూరిపేరు చెప్పినంతనే తోటివారు నవ్వుట మన యెఱిగినదే. ఉగాదినాడు దేవునికడప వేంకటేశ్వరుని దర్శనమునకు ముస్లిము సోదరులు బారులు తీరి వచ్చుటను, అమీన్‌పీరు దర్గాకు హిందువులు ఫాతిహాలకు పోవుటను ఆ తోటివారికి చెప్పువా రెవరు? సంక్రాంతి గొబ్బిపాటలు, వానకై కప్పలకావడి మోయుచు పాడు పాటలు, మొలకల పున్నమి ముచ్చటలు అవ్వలతో పోవుచున్నవి. కోసిగి, మంత్రాలయము ప్రాంతములవారు వానలు లేని యేడు ఇండ్లకు తాళమువేసి గుంటూరు మిరపతోటలకు పోవుదురు. దానిని వారు 'సుగ్గికి పోవుట' యందురు. ఈ మాటయొక్క బరువు పత్రికలలోని 'వలస' యను మాటకు లేదు. ఆ బరువు నెఱిగినది, మూటకట్టుకొని చంటిబిడ్డతో ఆ బండి యెక్కిన స్త్రీయే.

1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర తన సొమ్ముతో పండితులను కూర్చుండబెట్టి తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. ఆయన తెలుగు నిఘంటువు 1852లో వెలువడెను. నేడు ఆయన పేరిట గ్రంథాలయము కడపలోనే యున్నది. పండితులు చేర్చగలిగినవి చేర్చిరి. వంటయింటి మాటలను, బావిగట్టు మాటలను చేర్చుపని మిగిలియే యున్నది.

తెలుగును ఫోనులో వ్రాయుటెట్లని భయపడవలదు. మన లిపి 1991లోనే యూనికోడు పట్టికలో చేరినది. 2006 ప్రాంతమున వీవెన్ గారు సిద్ధపఱచిన లేఖినివలన, ఇంగ్లీషు మీటలతో కొట్టినను తెలుగక్షరములు వచ్చు సులువు సామాన్యులకు కలిగెను. ఇప్పుడు ఫోనులోనే తెలుగు మీటలపలక వచ్చుచున్నది. 2017నుండి గూగులులో తెలుగున పలికినను అక్షరములు పడును. కాని మన యాసను అది తనకు తోచినట్లు దిద్దివేయును. పలికినదానిని మరల చదివి సరిచూడక తప్పదు. మఱియొక చిక్కు. బజారులోని డి.టి.పి. అంగడివారు అను ఫాంటులలో కూర్చి యిచ్చిన వ్రాతను బ్లాగులో అంటించినచో పిచ్చిగీతలు కనబడును. దానిని యూనికోడునకు మార్చినగాని పనికిరాదు. అట్లే కవితను రంగుబొమ్మపై వ్రాసి పెట్టుట కొందఱికి ముచ్చట. బొమ్మలోని యక్షరములను వెదకుయంత్రము సరిగా పట్టజాలదు. చూపులేని సోదరికి ఫోను చదివి వినిపింపను జాలదు.

వ్రాసినది పదిమందికి చేరుట వేఱొక విద్య. దీనికి ఉగ్గాని కంటె మంచి యుదాహరణము లేదు. బొరుగులను నీటవేసి వెంటనే పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపులతో తిరగమోత పెట్టి, పుట్నాలపొడి చల్లి, మిరపకాయ బజ్జీతో తినునట్టి మన యుదయపు ఫలహార మిది. బళ్ళారివారి ఒగ్గరణెకును దీనికిని చుట్టరికము కనబడుచున్నది. (ఎవరు ఎవరికి నేర్పిరో యను తగవు మాకు వద్దు.) దీనిని గూర్చి వ్రాసి 'అమ్మచేతి కమ్మదనము' అని పేరుపెట్టినచో ఎవరికిని దొరకదు. ఏలయన వెదకువారు కమ్మదనమును వెదకరు; 'ఉగ్గాని చేయుట ఎట్లు' అని వెదకుదురు. కొందఱు 'ఉగ్గాణి' యందురు, కొందఱు 'బొరుగుల ఉప్మా' యందురు. ఈ పేర్లన్నియు వ్రాతలో నొకచోట రావలెను. పుటయొక్క చిరునామాను మాత్రము చిన్న యింగ్లీషక్షరములలో పెట్టుట మేలు. తెలుగున పెట్టిన చిరునామా వాట్సాపులో అంటించునప్పటికి శాతపుగుర్తుల దండయై చూచువారిని బెదరించును. కొలతలును అంతే. పడి, శేరు, గిద్ద యనిన డల్లాసులోని మన మేనకోడలికి తెలియదు. ప్రక్కనే గ్రాములలో చెప్పవలెను. ఆ పాతమాటను తీసివేయవలదు, అదియే మన సొత్తు.

పండుగ వంటకమును పండుగనాడు వ్రాసిన ప్రయోజనము లేదు. వెదకుయంత్రము క్రొత్తపుటను గుర్తించుటకు దినములు పట్టును గనుక రెండుమూడు వారములు ముందుగా వ్రాయవలెను. వాట్సాపు బంధుబృందములలో దినమునకు మూడుమార్లు మన పుటను పంపినచో చుట్టములు మొగము చాటువేయుదురు. వంటను గూర్చి యెవరైన అడిగినచోట సమాధానము చెప్పి, చివర మన పుటను చూపుట మర్యాద. వికీపీడియాలో మన బ్లాగును చొప్పించుట తగదు, అచ్చటివారు తీసివేయుదురు. మన యూరి గుడి చిత్రమును, చెఱువు సంగతిని అచ్చట చేర్చుట వేఱు, అది మంచిపని. అన్నిటికంటె ముఖ్యము, చదివి ప్రశ్నించినవారికి బదులు వ్రాయుట. పదిమంది నిలుకడగల చదువరులు ఒక్కనాడు వచ్చిపోయిన వేయిమందికంటె మేలని మా యభిప్రాయము.

ధనము సంగతి దాచనేల? గూగులువారి ప్రకటనలు 2018నుండి తెలుగు పుటలకును వచ్చుచున్నవి. మన లెక్కలో పది డాలర్లు కూడినపుడు వారు తపాలాలో రహస్యసంఖ్య నంపుదురు. నూరు డాలర్లు నిండినగాని సొమ్ము బ్యాంకునకు రాదు. తెలుగు పుటలకు ఇంగ్లీషు పుటలంత ప్రతిఫలము లేదు. పైగా 2016లో జియో వచ్చి డేటా చవుకయైనది మొదలు జనులు చదువుటకంటె చూచుటకే మరగిరి. తెనాలి ప్రాంతపు మస్తానమ్మగారు నూఱేండ్లు దాటిన వయస్సున పొలములో వండిన వంటలను లోకము చూచినది వీడియోలలోనే. ఆమె 2018లో గతించిరి. కావున బ్లాగుతో నెలలో లక్ష వచ్చునని చెప్పి వేల రూపాయలు రుసుము గుంజు శిక్షణలను నమ్మవలదు. వారు నేర్పునది చాలవఱకు ఉచితముగనే దొరకును. డబ్బు పోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. కాని ఊరుబిండి, జొన్నరొట్టెలు, పప్పుచెక్కలు చేసి యమ్ము గృహిణికి బ్లాగు మంచి బోర్డువంటిది. ప్రకటనలకంటె ఆ దారియే మాకు నమ్మకముగా తోచుచున్నది.

స్త్రీ వ్రాసినదనగానే చెడ్డమాట లంపువా రుందురు. వ్యాఖ్యలను మనము చూచి యొప్పుకొన్న పిమ్మటనే ప్రకటించునట్లు అమర్చుకొనుట బ్లాగరునం దున్నది. మొదటిదినముననే ఆ పని చేయవలెను. ఇంటి గుమ్మము, బిడ్డల బడియుడుపు, ఫోనుసంఖ్య చిత్రములలో పడరాదు. కలముపేరు పెట్టుకొనుటలో తప్పులేదు. కాని కారణము భయమైనచో ఒక్కమాఱు ఆలోచింపుడు: తిమ్మక్క తన పేరుతోనే వ్రాసెను.

మఱియొకటి. బ్లాగు తాళపుచెవి, అనగా ఆ ఖాతాయు సంకేతపదమును, ఎవరివద్ద నున్నది? అనేకచోట్ల తమ్ముని వద్దనో, కుమారుని వద్దనో, నెట్ సెంటరువాని వద్దనో యుండును. తమ్ముడు బెంగుళూరికి పోయి ఫోను మార్చినంతనే అక్క మూడేండ్ల వ్రాత కందకుండ పోవును. ఖాతా ఆమె పేరిట, ఆమె ఫోనుసంఖ్యపై నుండవలెను. అప్పుడును వ్రాతకు ప్రతి యుంచుకొనక తప్పదు. జియోసిటీస్ 2009లోను, గూగులు రీడరు 2013లోను, గూగులు ప్లస్సు 2019లోను మూతపడినవి. బ్లాగరునందు వ్రాతలనన్నిటిని ఒక్క ఫైలుగా దింపుకొను వీలు కలదు. అమావాస్య కొకమాఱు దింపి ఫోనులో నొకటి, పెన్ డ్రైవులో నొకటి యుంచుకొనుడు. పెన్ డ్రైవును బియ్యపుడబ్బాలో దాచినను సరే, కాని దాని సంగతి ఇంటిలో ఒక్క ఆడుబిడ్డకైన చెప్పి యుంచుడు.