తుంటి యెముక చచ్చుట : కారణములు, గుర్తులు, పరీక్షలు

ఎద్దు ఒక్కదినము కుంటినను రైతు దానిని కాడికి కట్టడు. గిట్ట యెత్తి చూచును, పశువైద్యునకు చూపించును. తానే కుంటుచున్నచో మాత్రము “వాతము, అదే పోవును” అని నెలల తరబడి ఉపేక్షించును. అట్టి యుపేక్షవలన ముదిరి మనుజుని నడక చెరచు జబ్బులలో తుంటి యెముక చచ్చుట యొకటి. వైద్యులు దీనిని అవాస్క్యులర్ నెక్రోసిస్ అనియు, క్లుప్తముగా ఏ.వి.ఎన్. అనియు చెప్పుదురు. ఇది తరచుగా 30 మొదలు 50 ఏండ్ల లోపువారికి, అనగా సంసారభారము మోయు వయస్సున వచ్చును.

ఎముక రాయివంటిది కాదు. అదియు రక్తముచే పోషింపబడు సజీవపదార్థమే. తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగా నుండి తుంటి గుంటలో తిరుగును. ఈ బంతికి వలయు రక్తము ముఖ్యముగా దాని మెడనంటి పైకిపోవు సన్నని నాళములద్వారా వచ్చును. కాలువ చివరి చేనికి పిల్లకాలువ పూడినచో వేరొక దారిని నీరు చాలినంత రానట్లే, ఈ నాళములు తెగినను పూడినను బంతికి రక్తము చాలదు. అంతట ఆ భాగమందలి కణములు చచ్చును. అయినను ఎముక వెంటనే కూలదు. కొన్ని నెలలకో, ఏండ్లకో దేహభారమునకు బంతి నొక్కుకొనిపోయి చదునగును. పిమ్మట కీలంతయు అరిగిపోవును.

కారణములు.— చెట్టునుండి పడుటవలనగాని, బండి బోల్తాపడుటవలనగాని తొడయెముక మెడ విరిగినను, తుంటికీలు తప్పినను నాళములు తెగవచ్చును. స్టీరాయిడు మందులను పెద్ద మోతాదున చాలకాలము వాడుట రెండవ కారణము. కోవిడ్ చికిత్సలో ఈ మందులు వాడినవారిలో కొందరికి తుంటి యెముక చచ్చినట్లు 2021లో మనదేశపు వైద్యులు గమనించిరి. కీళ్లనొప్పులకని అమ్మెడు పేరులేని పొడులలో, మాత్రలలో కూడ స్టీరాయిడు కలిసియుండవచ్చును. మితిమీరి సారాయి త్రాగుట మూడవది. ఏజన్సీ ప్రాంతముల గిరిజనులలో కనబడు సికిల్ సెల్ రక్తవ్యాధియు ఒక కారణమే. కొందరియందు కారణమేదియు తెలియరాదు.

గుర్తులు.— మొదట గజ్జలో నొప్పి పుట్టును. అది పిరుదునకు, తొడకు, మోకాలికిని ప్రాకును. అందుచే పలువురు మోకాలి జబ్బనుకొని తైలములు రాచుకొందురు. తొలుత నడచినపుడు, బరువెత్తినపుడు మాత్రమే యుండు నొప్పి క్రమముగా రాత్రి పండుకొన్నపుడును బాధించును. మఠము వేసికొని కూర్చుండుట, గొంతుకూర్చుండుట కష్టమగును. తుదకు కుంటు వచ్చును. కాలు కొంచెము పొట్టియగును.

పరీక్షలు.— వైద్యుడు రోగిని వెల్లకిల పరుండబెట్టి, కాలు మడిచి, లోపలికి త్రిప్పి చూచును. ఈ జబ్బున్నచో అట్లు త్రిప్పుటకు నొప్పియు పట్టును కలుగును. తరువాత ఎక్స్‌రే తీయుదురు. అయితే ప్రారంభదశలో ఎక్స్‌రేలో దోషమేమియు కనబడకపోవచ్చును. అంతమాత్రమున జబ్బు లేదని నిశ్చయించుకొనరాదు. నొప్పి తగ్గనిచో ఎమ్.ఆర్.ఐ. స్కాను తీయించవలెను. చచ్చిన భాగమును తొలిదశలోనే చూపునది అదియే. దెబ్బవలన గాక వచ్చిన జబ్బు తరచుగా రెండు తుంటులకును ఉండును గనుక రెండింటిని పరీక్షింపించుట మేలు.

కర్తవ్యము.— బంతి నొక్కుకొనిపోకముందు కనుగొన్నచో ఎముకకు రంధ్రముచేసి లోని యొత్తిడి తగ్గించు శస్త్రచికిత్సవలన కొందరికి సొంతకీలు నిలుచును. బంతి కూలిన పిమ్మట కృత్రిమకీలు అమర్చుటయే తరచు శరణ్యమగును. చచ్చిన యెముకను ఏ తైలమును, ఏ కట్టును బ్రతికింపజాలవు. సారాయి మానవలెను. వైద్యుడు వ్రాసియిచ్చిన స్టీరాయిడును మాత్రము ఆయన నడుగక హఠాత్తుగా మానరాదు, అదియు అపాయమే.

కావున గజ్జలోని నొప్పి రెండుమూడు వారములకు తగ్గనిచో “కోతలు కానిమ్ము” అని ఆగక ఎముకల వైద్యునకు చూపించుకొనవలెను. పోవునపుడు అంతకుముందు వాడిన మందుల చీటీలను, పొడిపొట్లములను గూడ వెంట తీసికొనిపోవలెను. కారణము కనుగొనుటకు అవి వైద్యునకు మిక్కిలి తోడ్పడును.