వ్యాన్ కిటికీకి చెక్క చట్రం ఎందుకు?

బస్తర్‌లో చిత్రకోట్ జలపాతం చూసిన ఇద్దరు, చలికాలపు రాత్రి ఇంద్రావతి ఒడ్డున తమ వ్యాన్‌లోనే పడుకున్నారనుకుందాం. తెల్లవారేసరికి కిటికీ చుట్టూ ఉన్న రేకు తడిసి ఉంటుంది. వాన పడలేదు. మరి ఆ నీరెక్కడిది?

నిద్రపోయినవారి నుంచే! ఊపిరి, చర్మం ద్వారా మనిషి గంటకు సుమారు 40 గ్రాముల నీటిని ఆవిరిగా వదులుతాడు. ఎనిమిది గంటల్లో ఇద్దరికీ కలిపి అర లీటరు దాటుతుంది. ఆ ఆవిరి చల్లని లోహాన్ని తాకి నీటి బిందువులుగా మారుతుంది. పలకల వెనుక చేరితే తుప్పు, బూజు తప్పవు.

వ్యాన్‌ను ఇల్లుగా మార్చేవారు కిటికీకి లోపల బిగించే చెక్క చట్రం అందుకే కీలకం. ఉక్కు కన్నా చెక్క ఉష్ణవాహకత వందల రెట్లు తక్కువ. రేకుకు, చట్రానికి మధ్య ఉష్ణనిరోధక పదార్థం నింపి, అంచులు మూసేస్తే గదిలోని తేమ చల్లని రేకును చేరదు.

అయితే సాల అయినా, టేకు అయినా వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. ఈ మార్పు పొడవులో దాదాపు ఉండదు, అడ్డంగానే ఎక్కువ. అందుకే అంచున సన్నని సందు వదిలి, సాగే సీలెంట్‌తో నింపాలి. వార్నిష్ చట్రం వెనుక వైపునా పూయాలి.

వాననీటిని ఆపేది మాత్రం బయటి రబ్బరు సీలే. కాబట్టి చట్రం బిగించే ముందే బయటి నుంచి నీళ్లు పోసి పరీక్షించాలి. ఎంత బాగా బిగించినా, రాత్రి గాలి ఆడేందుకు కాస్త సందు తెరిచే ఉంచాలి.