తండ్రి పిలవని ఎనిమిదో కుమారుడు

యెష్షయి కుమారుల్లో ఒకరిని రాజుగా అభిషేకించేందుకు సమూయేలు ప్రవక్త బేత్లెహేముకు వెళ్లాడు. పెద్దవాడు ఏలీయాబు ఎత్తు, రూపం చూసి ఇతడే అనుకున్నాడు. దేవుడు కాదన్నాడు. ఏడుగురు వచ్చినా ఎవరూ ఎంపిక కాలేదు. ఎనిమిదోవాడైన దావీదును తండ్రి పిలవనే లేదు. అతడు గొర్రెల దగ్గరున్నాడు (1 సమూయేలు 16వ అధ్యాయం).

పిల్లల పరుగుపందెంలోనూ మనం ఇలాగే పైరూపాన్ని చూసి తీర్పు తీరుస్తాం. 12, 13 ఏళ్ల వయసులో గెలిచేవాడు చాలాసార్లు ముందుగా ఎదిగినవాడే. ఆలస్యంగా ఎదిగేవాడు వెనకబడతాడు. ఒకణ్ని చాంపియన్ అంటూ కాళ్లు నొప్పి పుట్టేదాకా పరిగెత్తిస్తాం, మరొకణ్ని నీ వల్ల కాదని కూర్చోబెడతాం. ఇద్దరికీ అన్యాయమే.

వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి మానసిక ఎదుగుదల లోపంతో పుట్టింది. ఊళ్లో కొందరు గేలి చేశారు. కూలి చేసుకునే అమ్మానాన్నలు మాత్రం ఆమెను గుండెల్లో పెట్టుకున్నారు. కోచ్ నాగపురి రమేశ్ ఆమెలోని వేగాన్ని గుర్తించి శిక్షణ ఇచ్చారు. 2024లో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

అభిషేకం పొందాక దావీదు మళ్లీ గొర్రెల దగ్గరికే వెళ్లాడు. 30 ఏళ్లకు గాని రాజు కాలేదు. దేవుడు తొందరపడలేదు. తల్లిదండ్రులారా, మనకెందుకు తొందర? బిడ్డను రకరకాల ఆటలు ఆడనివ్వండి. మంచి తిండి, చాలినంత నిద్ర ఇవ్వండి. నొప్పి అంటే నమ్మండి. తలాంతు ఇచ్చినవాడు దేవుడు, కాపాడాల్సింది మనం. పతకం రాకపోయినా ఆ బిడ్డ దేవుని స్వాస్థ్యమే!