పాత కారు, క్రొత్త వాయువు

పాత కారుపై మమకారము గలవారికి వేసవిలో ఒక చిక్కు వచ్చుచుండును. బండి చక్కగా నడచును; మీట త్రిప్పగానే గాలియు వీచును; కాని ఆ గాలిలో చల్లదనముండదు. "గ్యాసు అయిపోయినది, నింపితే చాలు" అని మెకానిక్కు చెప్పును. ఈ మాటను వెంటనే నమ్మరాదు. ఆ వాయువు పెట్రోలువలె ఖర్చగునది కాదు. కంప్రెసరు దానిని నొక్కును. బండి ముందున్న కండెన్సరులో అది వేడిని విడిచి ద్రవమగును. డాష్‌బోర్డు వెనుక నున్న గొట్టములలో మరల ఆవిరియై లోపలి గాలిలోని వేడిని గ్రహించును. మూసిన దారిలో నిట్లు తిరుగుచుండునదే గాని తరుగునది కాదు. రబ్బరు గొట్టములగుండ ఏండ్ల తరబడి కొలదిగా జారిపోవుట సహజమే. నింపిన నెలకే చల్లదనము పోయినచో మాత్రము ఎచ్చటనో కారుచున్నదని యర్థము. ఆ చోటు కనుగొనక నింపించుట చిల్లికుండలో నీరు పోయుటయే.

ఇక ఏ వాయువు నింపవలెననునది అసలు ప్రశ్న. 1990 దశకపు తొలి యేండ్లవరకు కార్లలో ఆర్-12 అను వాయువునే వాడెడివారు. అందలి క్లోరిను ఆకాశమునందలి ఓజోను పొరను హరించునని 1974లో మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక ననుసరించి దేశములు దానిని క్రమముగా మానుకొనెను. దాని స్థానమున క్లోరిను లేని ఆర్-134ఏ వచ్చినది.

పాత వాయువు తీసి క్రొత్తది నింపినంత మాత్రమున మార్పు పూర్తికాదు. ముఖ్యమైన సంగతి నూనె. కంప్రెసరుకు కావలసిన నూనె వాయువుతో కలిసి గొట్టములన్నిటను తిరిగి వచ్చుచుండవలెను. ఆర్-12తో వాడిన ఖనిజపు నూనె ఆర్-134ఏ లో కరగదు. అది ఎక్కడిదక్కడ నిలిచిపోవును, కంప్రెసరు పొడిబారి అరిగి పట్టుకొనిపోవును. వాయువు వెల చూచి సంతోషించినవారు కంప్రెసరు వెల విని ఉలికిపడుట ఇందువలననే. కావున పాత నూనెను వీలైనంత తీసివేసి, మార్చిన బండ్లకు సాధారణముగా వాడు ఎస్టరు నూనె పోయవలెను. తేమను పీల్చు డ్రయ్యరును, కీళ్లలోని రబ్బరు ఓ-రింగులను మార్చవలెను. నింపెడు మూతులు కూడ క్రొత్త వాయువుకు తగినవే బిగింపవలెను.

పిదప వ్యాక్యూము పంపుతో లోపలి గాలిని లాగివేయవలెను. పీడనము మిక్కిలి తగ్గినప్పుడు నీరు మామూలు వేడికే మరిగి ఆవిరియై పోవును. అందుచే అరగంటకు తక్కువ గాకుండ పంపు నడపుట మేలు. తేమ మిగిలినచో సన్నని ద్వారమువద్ద మంచై అడ్డుపడును, లోపల ఆమ్లమును పుట్టించును. పంపు ఆపి కవాటము మూసిన పిమ్మట ముల్లు కదలక నిలిచినచో కీళ్లు గట్టివని నమ్మవచ్చును.

వాయువును తూచి నింపవలెను. పాత బండికి 1 కిలో ఆర్-12 పట్టుచుండినచో, ఆర్-134ఏ 800 నుండి 900 గ్రాములు చాలును. ఎక్కువ నింపిన ఎక్కువ చల్లదనమనుకొనుట పొరపాటు. పీడనము పెరిగి చల్లదనమే తగ్గును. నింపునది తక్కువ పీడనపు వైపునుండియే, డబ్బాను నిటారుగా నిలిపి. ఎక్కువ పీడనపు వైపు తగిలించినచో డబ్బా పగులవచ్చును. ద్రవము సుమారు సున్నకు 26 డిగ్రీలు క్రిందనే మరుగును గనుక కంటిలో చిందినచో చూపునకే ముప్పు. అద్దములు, చేతొడుగులు లేనిదే దగ్గరకు పోరాదు. చౌకయని వంటగ్యాసు వంటి మండు వాయువులను నింపువారి మాట అసలు వినరాదు.

ఇంటివద్ద చేసికొనదగినది కండెన్సరు దుమ్ము దులుపుట, సబ్బు నురుగుతో కీళ్లు పరీక్షించుట, ఖాళీచేసిన పిదప ఓ-రింగులు మార్చుట. పాత వాయువును తీయుట మాత్రము దానిని పట్టి నిలువచేయు యంత్రము గలవారి పని. బహిరంగమున విడుచుట అమెరికాలో చట్టవిరుద్ధము. క్రొత్త వాయువు ఓజోనుకు హాని చేయకున్నను భూమిని వేడెక్కించును. కిలో ఆర్-134ఏ సుమారు 1,400 కిలోల బొగ్గుపులుసు గాలికి సమానము. దీని వాడుకను సయితము తగ్గింపవలెనని 2016లో కిగాలీలో దేశములు అంగీకరించినవి.

పని ముగిసిన పిదప ఏ వాయువు, ఏ నూనె, ఎన్ని గ్రాములు, ఏ తేదీ అని ఒక చీటీపై వ్రాసి బానెట్టు లోపల అంటించవలెను. మరియొక మెకానిక్కు తెలియక పాత వాయువును దానిపై కలిపినచో మరల అంతయు విప్పవలసి వచ్చును.