ఆడపిల్లల వంతు

మధ్యధరా సముద్రమునందలి సార్డీనియా ద్వీపమున, ఈశాన్యపు టొడ్డున, జనసందడికి దూరముగా 'కాలా ది వోల్పె' యను గొప్ప హోటలు కలదు. ఆ పేరునకు నక్కరేవని యర్థము. 1963లో తెఱచిన యీ హోటలును ఫ్రెంచి వాస్తుశిల్పి జాక్ కువెల్ ప్రాత జాలరిపల్లె పోలికతో తీర్చెను.

సోదరీమణులారా! నేడు శ్రీమంతులు విడియు నీ తీరము పూర్వము ఱాళ్లును పొదలును నిండిన బీడు. మందలు మేయు లోపలి భూములు కొడుకులకును, పైరు పండని కడలియొడ్డు కూతుండ్రకును పంచెడివారని యచటివారు చెప్పుదురు. 1962లో ఆగాఖాను నాయకత్వమున నొక సంఘమేర్పడి యీ ప్రాంతమును విహారస్థలముగా మార్చుటతో ఆ బీడునకే వెల హెచ్చెను.

కూతుండ్రకు మేలు కలిగినందులకు సంతసింతుము. కాని యది పంచిన పెద్దల ధర్మబుద్ధివలన గలిగినది కాదు. ఆడపిల్ల కీయవలసినది మిగిలిన భాగము కాదు, సమభాగమని మా మనవి.